అడవిబాతుల సినిమా

కాలేజీ ప్రెసిడెంట్ డాక్టర్ మెయింజర్ కబురు పెట్టిందనగానే, మళ్లీ ఎవరో పోయుంటారనుకుంది ఆర్డిత్. ఉద్యోగం మానేసిన ఈ ఆరేళ్లలో కాలేజీ నుంచి వచ్చిన ఫోన్లన్నీ అలాంటివే. ఫలానా ఆయన పోయారు, ఆయన గురించి నాలుగు మాటలు రాసిస్తారా అని. ఈసారి ఎవరూ పోలేదు. పంతొమ్మిదో ఛానల్‌కి యాభై ఏళ్లు నిండుతున్నాయట.

"మీరే రాయాలండీ," అంది మెయింజర్, క్యాంటీన్‌లో కాఫీ కప్పు ఆమె ముందుకి జరుపుతూ. "మొదటి ఏడాది నుంచి ఉన్నవాళ్లు మీరు తప్ప ఇంకెవరున్నారు? ఓ వంద పేజీల పుస్తకం. మధ్యమధ్యలో పాత ఫోటోలు. చదువుతుంటే హాయిగా ఉండాలి, అంతే."

"హాయిగా అంటే?"

"అంటే మన ఊరు, మన కాలేజీ, మన టీవీ. మీకు నేను చెప్పాలా."

ఆర్డిత్ సరేనంది. కాదనడానికి కారణం ఒకటుంది గానీ, ముప్పై ఏడేళ్లుగా ఎవరికీ చెప్పని కారణాన్ని క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ చెప్పడం ఆమె వల్ల కాలేదు.

మొదటి అరవై పేజీలు ఆరు వారాల్లో అయిపోయాయి. ఆమెకి అన్నీ గుర్తున్నాయి. 1966లో పంతొమ్మిదేళ్ల వయసులో టైపిస్టుగా చేరింది. అప్పటికి ఎల్క్ బెండ్ కాలేజీకి టీవీ స్టేషన్ అనేది ఒక్క మనిషి బుర్రలోనే ఉండేది. ఆ మనిషి లీలండ్ ప్రోకొప్, ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. చలికాలంలో మంచు పడితే పొలాల మీద ఉండే విద్యార్థుల్లో సగం మంది క్లాసుకి రాలేకపోయేవాళ్లు. వాళ్లు రాలేకపోతే క్లాసే వాళ్లింటికి వెళ్తే ఏం పోయిందని లీలండ్ స్టాఫ్ మీటింగ్‌లో అడిగితే అందరూ నవ్వారు. ఏడాదిన్నర తర్వాత నూట నలభై పేజీల లైసెన్సు దరఖాస్తు వాషింగ్టన్ వెళ్లింది. ఆర్డిత్ దాన్ని తప్పులు దిద్దుకుంటూ మూడుసార్లు టైపు చేసింది.

వ్యవసాయ విభాగం వాళ్లు కోడిపిల్లల్ని పొదిగించడం మానేసి వదిలేసిన షెడ్డే స్టూడియో అయింది. గోడలకి రెండుసార్లు సున్నం వేసినా వాన పడినప్పుడల్లా పాత వాసన లేచేది. ఒమాహాలో ఒక స్టేషన్ వాళ్లు పారేయబోతున్న రెండు కెమెరాల్ని లీలండ్ బతిమాలి తెచ్చి, మొక్కజొన్న ట్రక్కులో గడ్డి పరిచి దాని మీద పడుకోబెట్టి తీసుకొచ్చాడు. టీవీలో చూసి వెల్డింగ్ ఎవడు నేర్చుకుంటాడని ఊరంతా ఎగతాళి చేసింది. మొదటి ఏడాది అరవై మూడు మంది పరీక్ష రాస్తే యాభై ఎనిమిది మంది పాసయ్యారు. 1976లో గడ్డకట్టిన వాన బరువుకి గుట్ట మీది టవర్ విరిగి పడితే, ఎవరూ పిలవకుండానే రైతులు తాళ్లూ ట్రక్కులూ వేసుకుని గుట్టెక్కారు. తొమ్మిది రోజుల్లో బొమ్మ మళ్లీ వచ్చింది.

ఇవన్నీ రాస్తుంటే ఆర్డిత్‌కి నిజంగానే హాయిగా ఉంది. 1981 మార్చి దాకా వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజుల్లో ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి 'ఊరి మాట' అని ఒక కార్యక్రమం వచ్చేది. లీలండ్ ఎవరినో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు, జనం ఇళ్ల నుంచి ఫోన్లు చేసేవాళ్లు. అప్పటికి ఆర్డిత్ టైపు మిషను వదిలి కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్ కుర్చీలో కూర్చుంటోంది. ఎప్పుడు ఏ కెమెరా బొమ్మ బయటికి వెళ్లాలో తేల్చే మీటలు ఆమె చేతి కింద ఉండేవి. అద్దానికి అవతల స్టూడియో.

ఆ గురువారం వచ్చిన మనిషి బెర్నడిన్ సోకప్. ముప్పై ఆరేళ్లు ఉంటాయి. టీగ్ వాళ్ల పందిమాంసం ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా కత్తి పని. నిమిషానికి ఇన్ని ముక్కలని లెక్క. రెండేళ్లలో మాంసం కదిలొచ్చే బెల్టుల వేగం రెట్టింపు చేశారు. ఆమె వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆమెవే కాదు, ఆ వరుసలో నలభై మంది ఆడవాళ్లవీ అదే పరిస్థితి. ఫ్యాక్టరీ డాక్టరు మాత్రం అది ఆడవాళ్ల వయసుతో వచ్చే నీరసం అన్నాడు. టీగ్ ఆ ఫ్యాక్టరీ యజమాని. కాలేజీ ట్రస్టీల బోర్డుకి ఛైర్మన్ కూడా ఆయనే.

బెర్నడిన్ ఒక కాగితం సంచిలో తన చిన్నకొడుకు చొక్కా తెచ్చుకుంది. దానికి అయిదు గుండీలు. "వాడికి పొద్దున్నే బడికి చొక్కా వెయ్యడానికి నాకెంతసేపు పడుతుందో చూపిస్తా, చాలదా?" అని అడిగింది. లీలండ్ చాలు అన్నాడు.

ఏడూ తొమ్మిదికి కంట్రోల్ రూమ్ గోడ మీది ఫోను మోగింది. స్టేషన్ మేనేజర్ వెండెల్ ఆపెల్‌గేట్ తీశాడు. చెడ్డవాడు కాదు. ప్రతి శుక్రవారం అందరికీ డోనట్లు తెచ్చేవాడు. ఎవరు గట్టిగా మాట్లాడినా కళ్లజోడు తీసి తుడుచుకునే రకం. అటునుంచి ఎవరో మాట్లాడుతుంటే మూడుసార్లు "సరేనండీ" అన్నాడు. ఫోను పెట్టేసి వచ్చి ఆర్డిత్ కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఆపెయ్."

"ఏది?"

"ప్రోగ్రామే. టీగ్ గారు చేశారు. లైసెన్సు ఎవరి పేరున ఉందో గుర్తుందా అని అడుగుతున్నారు."

"లోపలున్నవాళ్లకి చెప్తానుండండి."

"వద్దు. చెప్తే లీలండ్ గొడవ చేస్తాడు. వాళ్లనలా మాట్లాడుకోనీ. అయ్యాక నేను చెప్తాలే."

ఆలోచించడానికి వ్యవధి లేకపోయిందని తర్వాత చాలా ఏళ్లు ఆర్డిత్ తనకి తాను చెప్పుకుంది. అది నిజం కాదు. పక్షవాతంతో మంచాన పడ్డ అమ్మ గుర్తొచ్చింది, ఆమె జీతం తప్ప ఆ ఇంట్లోకి ఇంకేమీ రాదని గుర్తొచ్చింది, లీలండ్ ఎంత మంచివాడో కూడా గుర్తొచ్చింది. అన్నీ గుర్తొచ్చాకే మీట నొక్కింది. ఊళ్లో టీవీల మీద 'సాంకేతిక లోపం, దయచేసి వేచి ఉండండి' అనే అట్ట పడింది. ఒక నిమిషం తర్వాత అడవిబాతుల సినిమా మొదలైంది. ప్రభుత్వ వన్యప్రాణుల శాఖ వాళ్లు తీసిన సినిమా అది. కార్యక్రమం ఏదైనా ముందుగా అయిపోతే ఖాళీ నింపడానికి ఎప్పుడూ మిషన్లో ఎక్కించి ఉంచేవాళ్లు.

స్టూడియోలో మాత్రం ఏమీ మారలేదు. కెమెరాల మీద ఎర్రదీపాలు వెలుగుతూనే ఉన్నాయి, లోపలి టీవీలో లోపలి బొమ్మే కనిపిస్తోంది. కాసేపటికి లీలండ్ కంట్రోల్ రూమ్ మాటలు వినడానికి చెవిలో పెట్టుకున్న బుడిపెను వేలితో నొక్కి, అద్దం వైపు చూసి, మైకుకి అందకుండా పెదవులు కదిపాడు. ఫోన్లు రావట్లేదేంటి?

ఆర్డిత్ మైకు దగ్గరికి వంగింది. "లైన్లలో ఏదో ఇబ్బంది. నువ్వు కానివ్వు. బాగా వస్తోంది."

ఆ చివరి రెండు మాటలూ అనమని వెండెల్ చెప్పలేదు.

బెర్నడిన్ చొక్కా ఒళ్లో పరుచుకుంది. మొదటి గుండీకి నాలుగు నిమిషాలు పట్టింది. వేళ్లు గుండీ మీదికి వెళ్తాయి, జారిపోతాయి, మళ్లీ వెళ్తాయి. లీలండ్ సాయం చెయ్యలేదు. రెండో గుండీ పట్టుబడలేదు. కెమెరా పట్టుకున్న విద్యార్థిని చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. "రెండో కెమెరా, చేతుల దగ్గరికి వెళ్లు, ఇంకా దగ్గరికి," అంటూనే ఉంది ఆర్డిత్. తన జీవితంలో ఆమె తీయించిన వాటిలో అంతకంటే మంచి దృశ్యం లేదు. తెర మీద దాన్ని చూసింది ఆమె ఒక్కతే. రికార్డింగ్ మిషను బయటికి వెళ్లే బొమ్మనే పట్టుకుంటుంది కాబట్టి టేపు మీద కూడా బాతులే ఉన్నాయి.

ఇరవై రెండు నిమిషాలు అలా నడిచింది. అయిపోయేసరికి వెండెల్ లేడు. కోటు తీసుకుని ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయాడు.

బెర్నడిన్ సంచి చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ఎలా వచ్చానమ్మా? జుట్టు చెదిరిపోలేదుగా?"

"బాగా వచ్చారండీ," అంది ఆర్డిత్.

ఆ సాయంత్రం బెర్నడిన్ ఇంటికెళ్లి గుమ్మంలోనే మొగుణ్ని చూశావా అని అడిగిందట. ఏం చూడను, బాతుల్ని చూశాను అన్నాడట ఆయన. సోమవారం ఆమె ఫ్యాక్టరీకి వెళ్తే గేటు దగ్గరే కాగితం చేతిలో పెట్టారు. పనికి ఆలస్యంగా వస్తోందని అందులో రాసి ఉంది.

ప్రోగ్రామ్ మర్నాడు, శుక్రవారం, బాతుల సంగతేంటని లీలండ్ అడిగితే వెండెల్ ట్రాన్స్‌మిటర్ పాడైందన్నాడు. మధ్యాహ్నం లీలండ్ గుట్ట మీదికి వెళ్లి, ట్రాన్స్‌మిటర్ పక్కన రాత్రింబవళ్లు గీత గీసుకుంటూ పోయే కాగితం చుట్ట తెచ్చి ఆర్డిత్ బల్ల మీద పరిచాడు. గీత ఎక్కడా తెగలేదు, అంటే ట్రాన్స్‌మిటర్ ఆగనే లేదు. దాని పక్కనే స్టేషన్ లాగ్‌బుక్ పెట్టాడు. ఏడూ పదకొండు నుంచి ఏడూ ముప్పై మూడు దాకా సాంకేతిక లోపం అని ఉంది. కింద ఆర్డిత్ సంతకం.

"నాకు చెప్పు. ఎవరు చేశారు?"

"నాకు తెలీదు లీలండ్."

"సంతకం నీదే కదా."

"సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

అతను కాగితం మళ్లీ చుట్ట చుట్టుకుని వెళ్లిపోయాడు. వాషింగ్టన్‌కి ఫిర్యాదు రాశాడు. నాలుగు నెలలకి జవాబొచ్చింది. ఏది ప్రసారం చెయ్యాలో, ఏది ఆపాలో తేల్చుకునే హక్కు లైసెన్సు ఎవరిదో వాళ్లదే అని, అంటే కాలేజీదే అని, మర్యాదగా రాశారు. ఆ జవాబు వచ్చేనాటికే కాలేజీ అతని కాంట్రాక్టు పొడిగించకుండా వదిలేసింది. 'ఊరి మాట' ఆర్డిత్ చేతికొచ్చింది. ఆమె దాన్ని వంటలూ పూలమొక్కల కార్యక్రమంగా మార్చేసింది. ఎనిమిదేళ్లకి కార్యక్రమాలన్నిటికీ అధికారి అయింది. లీలండ్ ఊరొదిలి పోలేదు. గ్రెయిన్ వీధిలో గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. తొమ్మిది వేల మంది ఉండే ఊళ్లో ముప్పై ఏడేళ్లు ఆ వీధిలోకి వెళ్లకుండా తిరగడం తేలికేం కాదు. ఆర్డిత్ అలాగే తిరిగింది. కిరాణా షాపులో ఎదురుపడితే ఇద్దరూ తలలు ఊపేవాళ్లు.

పుస్తకం ఆగిపోయిన మూడో వారంలో ఆమె ఆ వీధిలోకి వెళ్లింది. చేతిలో బేకరీలో కొన్న పొట్లం, గసగసాలు కూరిన కొలాచీలనే తీపి బన్నులు. అవంటే అతనికి ఇష్టమని గుర్తు.

షాపు నిండా పెట్రోలు వాసన. లీలండ్ స్టూలు మీద కూర్చుని యంత్రం బ్లేడు అరగదీస్తున్నాడు. డెబ్భై ఏడేళ్లు. తల పైకెత్తాడు.

"ఏంటమ్మా ఆర్డిత్, దారి తప్పావా? నీ యంత్రం పాడైందా?"

"లేదు. ఛానల్ చరిత్ర రాస్తున్నాను. కాలేజీ వాళ్లు రాయమన్నారు."

"విన్నాను. కోడిపిల్లల షెడ్డు గురించి రాశావా?"

"రాశాను. కెమెరాల్ని గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చావే, అది కూడా."

"సగం దూరం నేను కూడా వాటి పక్కనే పడుకున్నాను. అది రాయి." బ్లేడు పక్కన పెట్టాడు. "సరే. ఎక్కడ ఆగావు?"

ఆమె చెప్పింది. వెండెల్ వెనక నిలబడ్డ సంగతి, మీట నొక్కిన సంగతి, చెవిలో అన్న మాట, అన్నీ వరసగా చెప్పింది. అతను నూనె గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ విన్నాడు.

"మీట నువ్వే నొక్కావని నాకు ఆ వారమే తెలుసు," అన్నాడు చివరికి. "నొక్కడానికి ఆ గదిలో ఇంకెవరున్నారు? వెండెల్‌కి ఏ మీట ఏదో కూడా తెలీదు. కానీ ఆ 'బాగా వస్తోంది' సంగతి... అది నాకు గుర్తే లేదు. నేను మర్చిపోయాను. ఇప్పుడు గుర్తుచేశావు."

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు."

"మరి ఇవేంటి?" అని పొట్లం వైపు చూశాడు. "చూడు, రాసుకో. రాస్తే నీ గుండె బరువు దిగుతుంది. దిగనీ, నాకేం అడ్డం లేదు. నాకేమైనా ఒరుగుతుందని మాత్రం అనుకోకు."

"బెర్నడిన్ గారికైనా..."

"పోయి తొమ్మిదేళ్లయింది. చివరిదాకా హైస్కూల్లో ఫ్లోర్లు తుడిచింది. రెండు చేతుల్తో ఆ కర్ర పట్టుకునేది, ఇదిగో ఇలా, మోచేతుల మధ్య." చూపించాడు. "ఒకసారి నన్నడిగింది, అప్పుడు నేను నిజంగా బాగా మాట్లాడానా, లేక నా మనసు కోసం అన్నావా అని. ఆ మాట చెప్పడానికి సాక్షి నేనొక్కణ్నే అయిపోయాను. నువ్వూ ఉన్నావనుకో."

ఆమె లేచింది. పొట్లం బల్ల మీదే వదిలేసి వచ్చింది.

ఆ అధ్యాయం పదకొండు పేజీలైంది. టీగ్ పేరు రాసింది, వెండెల్ పేరు రాసింది, తన పేరు అందరికంటే ఎక్కువసార్లు రాసింది. చెవిలో అన్న మాట కూడా దాచలేదు. కాలేజీకి పంపాక యుద్ధానికి సిద్ధపడింది. ఒక్క వాక్యం తీసేయమన్నా పుస్తకమే వెనక్కి తీసుకుంటానని చెప్పాలనుకుంది. ఆ మాటలు అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూసుకుంది. ఇన్నేళ్లకి మొదటిసారి తనంటే తనకి కాస్త గౌరవం కలిగింది.

మెయింజర్ రెండు రోజులకే ఫోన్ చేసింది.

"ఆర్డిత్ గారూ, ఆ మార్చి అధ్యాయం చదివాను."

"చెప్పండి."

"నాకు కన్నీళ్లొచ్చాయండీ. అసలు మనకి కావలసింది ఇదే. ఒక్క అక్షరం మార్చద్దు. దీన్నే ముందుకి తెద్దామా అని ఆలోచిస్తున్నాం."

అద్దం ముందు అనుకున్న మాటలకి పని లేకుండా పోయింది. అప్పుడర్థమైంది ఆమెకి. టీగ్ పోయి పంతొమ్మిదేళ్లు. ఫ్యాక్టరీ మూతబడి ఇరవై ఏళ్లు, ఆ స్థలంలో ఇప్పుడు అద్దె గోదాములున్నాయి. వెండెల్ పోయాడు. ఆ నిజం వల్ల నొచ్చుకునేవాడు ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు. అందుకే అందరికీ అది ముచ్చటగా ఉంది.

అక్టోబర్‌లో యాభై ఏళ్ల పండుగ జరిగింది. జిమ్నాజియంలో బల్లలు వేశారు, బీఫ్ రోస్టూ బంగాళాదుంపలూ పెట్టారు. ఆ అధ్యాయం చదవమని ఆర్డిత్‌ని వేదిక ఎక్కించారు. ఛానల్లో ప్రత్యక్ష ప్రసారం కూడా ఉంది. గుండీ దగ్గరికి వచ్చేసరికి జనం ఫోర్కులు కింద పెట్టేశారు. పూర్తయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరో వెనక నుంచి గట్టిగా మెచ్చుకున్నారు. నిజం చెప్పిన ధైర్యానికి గుర్తుగా అని చెక్కించిన చెక్క ఫలకం ఒకటి ఆమె చేతిలో పెట్టారు. తన చేత్తో ఒక మనిషి నోరు నొక్కిన కథ చదివినందుకు ఆమెకి బహుమతి వచ్చింది. ఆ ఫలకం పట్టుకుని మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయింది. పెద్దావిడ కదా, ఉద్వేగం అనుకుని ఇద్దరు చెరోవైపూ పట్టుకున్నారు. లీలండ్‌కి ఆహ్వానం పంపారట. రాలేదు.

క్రిస్మస్‌కి ముందు కాలేజీ ముందరి హాల్లో ఒక పెద్ద అద్దాల పలక పెట్టారు. లీలండ్ పాత ఫోటో, బెర్నడిన్ పెళ్లినాటి ఫోటో, మధ్యలో పెద్ద అక్షరాలతో 'ప్రశ్నించడానికి భయపడని ఛానల్'. జర్నలిజం చదివే పిల్లలకి ఏటా లీలండ్ ప్రోకొప్ ధైర్య పురస్కారం ఇస్తారని కింద ఉంది. ఆ పురస్కారానికి డబ్బిచ్చింది టీగ్ కుటుంబ ట్రస్టు. తాతగారు చేసిన పొరపాటుని దిద్దుకునే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలని టీగ్ మనవడు పేపర్లో రాశాడు.

మర్నాడు లీలండ్ ఆర్డిత్ ఇంటికొచ్చాడు. టోపీ తియ్యలేదు, కూర్చోలేదు.

"నా పేరు తీయించు."

"నాకు ముందు తెలీదు లీలండ్. ఒట్టు. నేను పుస్తకం వరకే."

"నీకెప్పుడూ తెలీదులే." అతని గొంతు పెద్దది కాలేదు. "నేను క్షవరం చేయించుకుంటుంటే మంగలి చెప్పాడు. అభినందనలు అన్నాడు. ఆ కుర్చీలో సబ్బు నురగ పూసుకుని కూర్చుని విన్నాను. ప్రశ్నించడానికి భయపడని ఛానల్ అట. నలభై మంది ఆడవాళ్లు, ఆర్డిత్. అందులో పద్ధెనిమిది మందికి మణికట్టు ఆపరేషన్ దాకా వచ్చింది. ఆ రోజు ఊరు చూసుంటే ఏమయ్యేదో నాకు తెలీదు, ఏమీ అయ్యేది కాదేమో కూడా. కానీ చూడనివ్వలేదు. ఇప్పుడు అదే మీకు గొప్పైంది. నన్ను వెళ్లగొట్టినోళ్లే నా పేరు గోడకి వేలాడదీసుకున్నారు, వాళ్ల సొమ్ముతో."

"నేను వెళ్లి మాట్లాడతాను."

"మాట్లాడు. ఈసారైనా నాకు తెలిసేలా మాట్లాడు."

ఆమె ఆ రోజే మెయింజర్ దగ్గరికి వెళ్లింది. మెయింజర్ శ్రద్ధగా వింది, మధ్యమధ్యలో తలూపింది, కాగితం మీద రాసుకుంది కూడా.

"ఆయన బాధ నాకర్థమైంది ఆర్డిత్ గారూ. గాయం మానడానికి టైమ్ పడుతుంది కదా. కానీ ట్రస్టుతో ఒప్పందం అయిపోయింది. పేరు లేకపోతే వాళ్లు డబ్బు వెనక్కి తీసుకుంటారు. పిల్లలకి నష్టం. అది ఆయన మాత్రం కోరుకుంటారా?"

"ఆయన పేరు ఆయనది కాదా?"

"ఆయన్ని గౌరవిస్తున్నామండీ మనం, అవమానించట్లేదు." చాలా మృదువుగా అంది. "ఈ కథ బయటికి తెచ్చింది మీరే కదా."

ఆర్డిత్ లేచి ఇంటికొచ్చింది. లీలండ్‌కి ఫోన్ చేసి, కుదరదంటున్నారని చెప్పింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఫిబ్రవరిలో మొదటి పురస్కారం ఇచ్చే రోజొచ్చింది. ఆర్డిత్ చేతుల మీదుగా ఇప్పించాలని కాలేజీ వాళ్లు అడిగారు. వెళ్లకూడదని ఆమె గట్టిగా అనుకుంది. వెళ్లి వేదిక మీద నాలుగు మాటలతో కడిగిపారెయ్యాలని ఇంకా గట్టిగా అనుకుంది. రాత్రంతా ఆ మాటలు రాసి, చేతిసంచిలో పెట్టుకుని వెళ్లింది.

పురస్కారం వచ్చిన అమ్మాయి పేరు మారిసోల్. వాళ్లమ్మ పక్క ఊళ్లో కోళ్ల ఫ్యాక్టరీలో చేస్తుందట. వరసలో నిలబడి ఉండగా ఆ అమ్మాయి ఆర్డిత్ వైపు తిరిగి, తగ్గుగొంతుతో అడిగింది.

"మీ పుస్తకం చదివానండీ. ఒకటి అర్థం కాలేదు. ఆవిడ గుండీ పెడుతున్నప్పుడు, మీరు తలుపు తీసి లోపలికి వెళ్లి చెప్పేయొచ్చు కదా? ఎన్ని అడుగులుంటుంది?"

"తొమ్మిది," అంది ఆర్డిత్.

అమ్మాయి ఇంకేదో వస్తుందని ఎదురుచూసింది. అంతలో పేర్లు పిలిచారు. ఆర్డిత్ వేదిక మీదికి నడిచింది. ఒకవైపు అమ్మాయి, ఇంకోవైపు టీగ్ మనవడు. సంచిలో కాగితం ఉంది. మైకు రెండడుగుల దూరంలో ఉంది, దాని వైపు ఎవరూ చూడట్లేదు. ఎదురుగా ఫోటోగ్రాఫర్ చెయ్యి ఊపుతున్నాడు. కాస్త దగ్గరగా జరగండి మేడమ్, అన్నాడు. ఆమె జరిగింది. ఇటు చూడండి, అన్నాడు. చూసింది. నవ్వమన్నాడు.

ఆ ఫోటో పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. ఆమె ముఖం ఎంత ప్రశాంతంగా ఉందోనని చర్చిలో ఇద్దరు ముగ్గురు అన్నారు.

ఏప్రిల్లో గ్రెయిన్ వీధిలోకి వెళ్తే షాపుకి తాళం ఉంది. లీలండ్ పనిముట్లన్నీ అమ్మేసి, లింకన్‌లో మేనకోడలి దగ్గరికి వెళ్లిపోయాడని పోస్టాఫీసులో చెప్పారు. ఆమె అడ్రసు అడిగింది. ఎవరికీ ఇవ్వొద్దని ఆయన రాసిచ్చి వెళ్లాడని, కౌంటర్లో ఉన్నావిడ కాగితం చూసి చెప్పింది.